ఊ కొట్టినంత మాత్రాన...

"మరి ఇందాకటిదాకా ఊఁ ఊఁ అన్నారుగా మేడమ్!" ఇవాళ మీటింగ్ చివర్లో ఆయన నిలదీత. ఆవిడేమో తాపీగా, "వింటున్నానని అన్నానండీ, ఒప్పుకున్నానని కాదు."

ఈ చిక్కు పాతదే. డేనియల్ మాల్ట్జ్, రూత్ బోర్కర్ అనే మానవశాస్త్రవేత్తలు 1982లోనే దీని గురించి రాశారు. ఆడవాళ్ల ఊఁ చాలాసార్లు 'చెప్పండి, వింటున్నా' అని, మగవాళ్లది 'సరే, ఒప్పుకున్నా' అని. అందుకే ఆయన ఊ కొట్టకపోతే ఈవిడకు అసలు వినట్లేదనిపిస్తుంది. ఈవిడ ఊ కొడుతుంటే ఆయనకు పనైపోయిందనిపిస్తుంది. అందరూ ఇంతే అని కాదు లెండి, ఊ కొట్టని ఆడవాళ్లూ బోలెడుమంది.

ఆడవాళ్లే వాగుడుకాయలన్న మాట మాత్రం గుడ్డిగా నమ్మకండి. అమెరికా, మెక్సికోల్లో 396 మంది విద్యార్థులకు రికార్డర్లు తగిలించి లెక్కేస్తే (2007లో అచ్చయింది), ఇద్దరిదీ రోజుకు సుమారు 16,000 మాటలే.

మీటింగ్‌లో ఊఁని ఓటు కింద జమ చేసుకోవద్దు. ముగించే ముందు "మీకు సరేనా, అభ్యంతరం ఏమైనా ఉందా?" అని ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడగండి. అడిగి ఐదారు సెకన్లు ఆగండి. ఆగకుండా తర్వాతి స్లైడ్‌కి దూకేస్తే అడిగినా అడగనట్టే.