లాంకాస్టర్‌లో ఒక సమాధి దగ్గర

రాతి మీద చెక్కిన అక్షరాల్ని వేలితో తడుముతూ చదివాను. ఒంటరితనం ఇష్టమై ఇక్కడ పడుకోలేదట. మిగతా శ్మశానాల్లో జాతిని చూసి చోటిస్తున్నారట. మనుషులంతా సమానమని బతికినంతకాలం చెప్పిన మాటను చావులోనూ చూపించాలని ఈ చోటు ఎంచుకున్నాడట.

థాడియస్ స్టీవెన్స్. 1868లో పోయాడు. అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ కోసం అక్కడి చట్టసభ కాంగ్రెస్‌లో పట్టుబట్టిన మనిషి. చివరి రోజుల్లో నడవలేకపోతే, కుర్చీలో మోయించుకుని మరీ సభకొచ్చేవాడు.

మా ఊళ్లో చెరువుకి అటొక శ్మశానం, ఇటొక శ్మశానం. ఏది ఎవరిదో చిన్నప్పుడే తెలిసిపోయింది, ఎవరూ చెప్పకుండానే.

కారు దగ్గర్నుంచి పిల్లలు పిలుస్తున్నా కదలబుద్ధి కాలేదు. అమ్మకి ఫోన్ చేసి, ఆ మాటలు తెలుగులో చెప్పాను.

"మళ్లీ ఒకసారి చెప్పవే" అంది.