పాలాలో పెసహా రాత్రి

మా గుంటూరు లూథరన్ ఇళ్లలో శ్రమల వారమంటే శుక్రవారమే. తెల్లచీరలు, మిట్టమధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా గుడిలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు, మూడో మాట పూర్తయ్యేలోగా పిల్లల కునికిపాట్లు, అయిదో మాట ‘దప్పిగొనుచున్నాను’ దగ్గరికి వచ్చేసరికి ఏప్రిల్ ఎండకు అందరికీ నిజంగానే దాహం. గురువారం సాయంత్రం కూడా ఆరాధన ఉంటుంది. బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకుని ఇంటికొచ్చి, మామూలుగా పప్పన్నం తిని పడుకుంటాం. అందుకే నాతో పనిచేసే మలయాళీ స్నేహితురాలు “శుక్రవారానికి కాదు, గురువారం పెసహా రాత్రికి మా ఇంట్లో ఉండేలా రా” అన్నప్పుడు, అంత పట్టుపట్టడానికి ఆ రాత్రి ఏముందా అనుకున్నాను.

2023 ఏప్రిల్ 6 ఆ గురువారం. శబరి ఎక్స్‌ప్రెస్‌లో గుంటూరులో ఎక్కి, ముందురోజే కేరళలోని కొట్టాయంలో దిగి బస్సులో వాళ్ల ఊరు పాలా చేరాను. దారికి రెండు పక్కలా రబ్బరు తోటలు, ప్రతి చెట్టుకూ నడుముకు కట్టిన చిన్న చిప్ప. వంతెన కింద మీనచ్చిల్ నది మాత్రం వేసవికి బాగా చిక్కిపోయి ఉంది.

గురువారం పొద్దున గుడిలో, యేసు శిష్యుల పాదాలు కడిగిన గుర్తుగా చేసే పాదాలు కడిగే ఆరాధన చూశాను. పన్నెండు మంది వరసగా కూర్చున్నారు. ఫాదర్ మోకాళ్ల మీద ఒక్కొక్కరి దగ్గరికీ జరుగుతూ పాదం కడిగి, తువ్వాలుతో ఒత్తి, ముద్దు పెట్టారు. పన్నెండు మందీ మగవాళ్లే. 2016లో పోప్ ఫ్రాన్సిస్ లాటిన్ పద్ధతి గుళ్లలో ఆడవాళ్ల పాదాలు కూడా కడగవచ్చని నియమం మార్చినా, వీళ్లది సిరియాక్ సంప్రదాయపు కేరళ క్యాథలిక్ సభ, సిరో మలబార్ సభ; అది పాత పద్ధతినే ఉంచుకుంది. ఇంట్లో అందరి కాళ్లకూ నీళ్లందించేది ఎవరో తెలిసిన నాకు అది కాస్త గుచ్చుకుంది. ఆ మాట అక్కడ అనలేదు, అతిథిని కదా.

మధ్యాహ్నం నుంచి వంటింట్లోనే ఉన్నాను. స్నేహితురాలి అమ్మను అందరిలాగే నేనూ అమ్మచ్చి అనే పిలిచాను. నానిన మినప్పప్పు, కొబ్బరి కోరు, చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, జీలకర్ర కలిపి రుబ్బి, వేయించిన వరిపిండిలో పోసి చేత్తో గట్టిగా కలిపారామె. చూడగానే “ఇది మన ఆవిరి కుడుమే!” అన్నాను. స్నేహితురాలు ఆ మాటను మలయాళంలోకి మార్చి చెబితే అమ్మచ్చి తల అడ్డంగా ఊపారు. కుడుముకైనా ఇడ్లీకైనా పిండి రాత్రంతా పులిసినా ఫరవాలేదు, దీనికి పులుపు సోకకూడదు. ఈస్టరు నాటి అప్పాలకు కల్లు పోసి పొంగించే చేతులే ఈ రోజు గడియారం చూసుకుంటున్నాయి. ఉక్కపోతకు పిండి తనంతట తానే పులియడం మొదలుపెడుతుందని ఆమె భయం. నిర్గమకాండం పన్నెండో అధ్యాయంలో ఐగుప్తు నుంచి బయలుదేరుతున్నవాళ్లు పిండి పులిసేదాకా ఆగలేకపోయారని చిన్నప్పుడు కంఠతా పట్టాను. ఆ తొందర ఎలా ఉంటుందో అమ్మచ్చి చేతుల్లోనే చూశాను.

నూనె రాసిన పళ్లెంలో పిండి పోసి, మట్టల ఆదివారం గుడి నుంచి తెచ్చిన లేత కొబ్బరాకును చీల్చి సిలువలా నడిమధ్యన పెట్టి, ఆవిరికి ఎక్కించారు. దీన్ని ఇండ్రియప్పం అంటారు. యేసు సిలువ మీద పెట్టిన పలకలోని INRI అన్న లాటిన్ పొడి అక్షరాల నుంచే ఆ పేరు పుట్టిందని స్నేహితురాలి వివరణ. పక్క పొయ్యి మీద పాలు. బెల్లం కరిగించి, కొబ్బరి రెండో పాలు పోసి, శొంఠి, యాలకులు దంచి వేసి, చిక్కటి మొదటి పాలు చివర్లో కలిపి వెంటనే దించేశారు. మూత తీశాక అప్పం పగలకుండా వచ్చిందా లేదా అని ముందు అమ్మచ్చి చూశారు. పగిలితే ఆ ఏడాదికి మంచిది కాదని పాతకాలపు నమ్మకమట. పగల్లేదు.

చీకటి పడ్డాక దీపం వెలిగించి అందరూ కింద చాప మీద కూర్చున్నారు. అప్పచ్చన్, అంటే స్నేహితురాలి నాన్న, బైబిలు చదివి ప్రార్థన చేశారు. మలయాళం అర్థం కాకపోయినా ‘పెసహా’ అన్న మాట మాత్రం పదేపదే చెవిన పడింది. మన పస్కా కూడా ఆ మాటే. మనది గ్రీకు దారిన వచ్చింది, వాళ్లది వాళ్ల పాత ప్రార్థనల భాష సిరియాక్ దారిన. ఆయన అప్పం కోసి, పాలలో ముంచి, పెద్దవాళ్లతో మొదలుపెట్టి వయసు వరసలో ఒక్కొక్కరికీ ఇచ్చారు. అందరూ రెండు చేతులూ చాచి తీసుకున్నారు. అలవాటు లేని నేను కుడిచెయ్యి ఒక్కటే చాచాను. ఎవరూ ఏమీ అనలేదు కానీ, నా చేతిలోంచి చిన్న నలుసు జారి చాప మీద పడింది. అమ్మచ్చి వంగి దాన్ని ఏరి, తన నోట్లో వేసుకున్నారు. రెండో ముక్కకు నా ఎడమచెయ్యి దానంతట అదే కుడిచేతి కిందికి వచ్చింది.

రుచా? ఉప్పటి అప్పంలో వెల్లుల్లి వాసన, తియ్యటి పాలలో శొంఠి ఘాటు. మొదటి ముద్దకు నాలుకకు తికమక, మూడో ముద్దకు ఇంకొంచెం పెడితే బాగుండుననిపించింది.

తిన్నాక అమ్మచ్చి ఇంకో అప్పం, స్టీలు గిన్నెలో పాలు మూతపెట్టి నన్ను తోడు రమ్మన్నారు. నాలుగిళ్ల అవతల ఇంటాయన ఆ ఏడాదే పోయారు. చావు జరిగిన ఇంట్లో ఆ సంవత్సరం పెసహా వండరు, చుట్టాలో ఇరుగుపొరుగో తెచ్చిస్తారు. టార్చి లైటు తీసుకోబోతే అవసరం లేదన్నారు. నిజమే, అది చైత్ర పౌర్ణమి. పౌర్ణమి తర్వాతి ఆదివారాన్ని పట్టి ఈస్టరు లెక్క కడతారని తెలిసినా, ఆ లెక్కకు ఇంత వెన్నెల ఉంటుందని ఎప్పుడూ తల ఎత్తి చూడలేదు. ఆ ఇంటావిడ గడపలోనే గిన్నె అందుకున్నారు. ఇద్దరూ రెండు మూడు మాటలే మాట్లాడుకున్నారు.

శుక్రవారం గుడి చుట్టూ సిలువ మార్గం నడిచాం. చివర్లో గ్లాసు అడుగున పోసిచ్చిన కాకరకాయ రసం చేదుకు మొహం ముడుచుకుపోయింది. తర్వాత గంజన్నం, పెసలు. ఏడు మాటలూ లేవు, ఏడు ప్రసంగాలూ లేవు. మా గుడి వాళ్లకు చెబితే నమ్మరు.

సాయంత్రం ఆ ఇంటి మనవడు గిన్నె తిరిగి తెచ్చాడు. మూత తీస్తే మూడు పచ్చి మామిడికాయలు. అమ్మచ్చి ఒకటి వాసన చూసి, ఆదివారం చేపల కూరలోకని పక్కన పెట్టారు.