చార్మినార్ నుంచి మూసీ దాకా నడవండి

హైదరాబాద్ చరిత్ర తెలుసుకోవాలంటే పాతబస్తీవాళ్ళే నడిపించే హెరిటేజ్ వాక్‌కి వెళ్ళండి, అదీ ఆదివారం పొద్దున్నే, దుకాణాల షట్టర్లు ఇంకా లేవకముందే. 1591లో కట్టిన చార్మినార్ అందరూ చూసేదే. కానీ అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే గుల్జార్ హౌజ్ అనే పాత ఫౌంటెన్, దాని చుట్టూ నాలుగు కమాన్లు, అంటే పెద్ద తోరణాలు. జనం, బండ్లు నిండాక వాటిని తలెత్తి చూసేంత తీరిక ఎవరికీ ఉండదు.

అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు చెబుతుంటే వినడం వేరు. ఏ కమాన్ పక్కన తాతల కాలంలో ఏ అంగడి ఉండేదో, లాడ్ బజార్ లక్క గాజుల పని ఏ గల్లీలో జరుగుతుందో వాళ్ళకే తెలుసు.

పత్తర్‌గట్టి, మదీనా దాటి నయాపూల్ మీదుగా అఫ్జల్‌గంజ్ వైపు వెళితే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగేసినప్పుడు, ఆ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే ఇంజనీర్ విశ్వేశ్వరయ్య సలహా మీద నగరానికి ఎగువన ఉస్మాన్‌సాగర్ (అదే గండిపేట చెరువు), హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. గండిపేట నీళ్ళని గొప్పగా చెప్పుకుంటాం కదా, వాటి వెనకున్న కథ ఇదే! బడి పిల్లలందర్నీ ఒక్కసారైనా ఈ చెట్టు దగ్గరికి తీసుకురావాలని నా గట్టి కోరిక.

వెళ్ళేవాళ్ళు మంచి చెప్పులు వేసుకోండి, నీళ్ళసీసా పెట్టుకోండి. ఇళ్ళముందు ఫోటోలు తీసేముందు అక్కడివాళ్ళని తప్పకుండా అడగండి.