ఆ జీన్ రిపోర్ట్ చేతికొచ్చాక

నిన్న సాయంత్రం జన్యు పరీక్షల గురించి వివరించే జెనెటిక్ కౌన్సెలర్‌తో నలభై నిమిషాలు మాట్లాడాను. రెండు వారాల తరవాత రాత్రి కంటినిండా నిద్రపోయాను. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

అమ్మకి 74 ఏళ్లు. ఏడాదిగా పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తోంది, పాలబ్బాయికి డబ్బులిచ్చి మళ్లీ ఇవ్వబోతోంది. బీ12, థైరాయిడ్, ఎంఆర్ఐ చకచకా అయిపోయాయి. గడియారం బొమ్మ గీయమంటే అంకెలన్నీ కుడివైపే కుక్కేసి, పెన్ను కింద పెట్టి నా మొహంలోకి చూసింది. డాక్టర్ అల్జీమర్స్ అన్నారు. అమ్మమ్మ కూడా చివరి రోజుల్లో మమ్మల్ని గుర్తుపట్టలేదు. నాకు 47. గుండెలో రాయి పడ్డట్టయింది. అల్జీమర్స్ ముప్పుతో ముడిపడిన జన్యువు నాలో ఏ రకమో చూసే ఏపీఓఈ టెస్ట్ చేయించుకుంటానంటే ఎందుకని కూడా అడక్కుండా ఆయన చీటీ రాసిచ్చారు.

రక్తం ఇవ్వడం ఐదు నిమిషాల పని. రిపోర్ట్ తీసుకున్న రోజు మాత్రం జన్మలో మరిచిపోను. కౌంటర్‌లో అబ్బాయి కవరు చించి, నేను అడగకముందే గట్టిగా చదివాడు. "మేడమ్, మీకు పాజిటివ్. మతిమరుపు జబ్బు జీన్ ఉంది." లైన్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. నాకు వస్తుందనా అర్థం అంటే "డాక్టర్ని అడగండి, నెక్స్ట్" అన్నాడు. చెవులు వేడెక్కిపోయాయి. పైకి వెళ్తే డాక్టర్ కాగితం చూసి, "ఇప్పుడు చేసేదేం లేదు, అసలెందుకు చేయించుకున్నారు?" అన్నారు. చీటీ మీద సంతకం ఆయనదే! మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

అన్నయ్యకి చెప్పిన గంటలోపే వదిన ఫోన్. "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, ఈ మాట బయట అనకు." పరీక్ష చేయించుకునేవాళ్లు ముందు ఆలోచించాల్సింది ఇదే. ఫలితం మన ఒక్కరిది కాదు, తోబుట్టువులందరిదీ.

కౌన్సెలర్ చెప్పాకే విషయం అర్థమైంది. ఈ జన్యువు 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఇందులో మూడు రకాలు, ఈ-2, ఈ-3, ఈ-4. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి. నాకు ఒక ఈ-3, ఒక ఈ-4 ఉన్నాయి. ఒక ఈ-4 ఉంటే ముప్పు సుమారు రెండు మూడు రెట్లు పెరుగుతుందంటారు. ఆ లెక్క కూడా ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ల మీద కట్టిందే. ఈ-4 ఉన్నా జబ్బు రానివాళ్లు చాలామంది, లేకపోయినా వచ్చినవాళ్లూ చాలామందే. దాదాపు ఖాయంగా తెచ్చేవి పీఎస్ఈఎన్-1 లాంటి వేరే జన్యువుల్లో మార్పులు. అవి చాలా అరుదు, సాధారణంగా 65 లోపే బయటపడతాయి.

మాట్లాడుతూనే ఆవిడ మా వంశవృక్షం గీసింది. ఆడవాళ్లకి సున్నాలు, మగవాళ్లకి చదరాలు. జబ్బు వచ్చిన అమ్మమ్మనీ అమ్మనీ నల్లగా దిద్దింది. నా సున్నా దగ్గర పెన్ను ఆపి, "ఇది ఖాళీయే" అంది. ఆ ఒక్క మాట కౌంటర్ దగ్గరే ఎవరైనా అనుంటే! రక్తం ఇచ్చాక కాదు, ఇవ్వకముందే కౌన్సెలర్‌ని కలవండి.

లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో, మతిమరుపు జబ్బుకి మనం మార్చుకోగలిగిన ముప్పులు 14 ఉన్నాయని చెప్పింది. బీపీ, షుగర్, పొగతాగడం, వినికిడి లోపం అందులోవే. నా షుగర్, బీపీ నార్మల్. ఆరేళ్లుగా ఒక్కరోజు కూడా నడక మానలేదు, ఆ విషయంలో నాకు గర్వమే. కానీ అమ్మకి పదేళ్లుగా సరిగ్గా వినపడకపోతే టీవీ సౌండ్ పెంచి ఊరుకున్నాం. అది తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది.

ఆ వంశవృక్షం ఫోటో తీసి అన్నయ్యకి పంపాను, నీ చదరం కూడా ఖాళీగానే ఉంది చూడమని. శనివారం అమ్మని చెవుల డాక్టర్ దగ్గరికి తనే తీసుకెళ్తానన్నాడు.