నాలుగు తొమ్మిదులు తీసిన పరువు

మొత్తానికి మా అప్లికేషన్ మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ దిగి యూనిక్స్ సర్వర్ మీద నడుస్తోంది. పని నిన్నటితో అయిపోయింది. ఉక్రోషం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది కోడ్ జనరేటర్‌తో, అంటే మనం గీసిచ్చిన మోడల్ చూసి ప్రోగ్రాములు తనే రాసిపెట్టే సాఫ్ట్‌వేర్‌తో, కట్టిన అప్లికేషన్. టేబుళ్ళు, స్క్రీన్లు, లాజిక్ అన్నీ మోడల్‌లో ఉంటాయి. ఆ మోడల్ నుంచే మెయిన్‌ఫ్రేమ్‌కి కోబాల్ ప్రోగ్రాములు, డీబీ2 డేటాబేస్ వస్తాయి, యూనిక్స్‌కి సీ ప్రోగ్రాములు, ఒరాకిల్ డేటాబేస్ వస్తాయి. "టార్గెట్ మార్చి బటన్ నొక్కండి, అంతే" అన్నారు అమ్మినవాళ్ళు. జనరేషన్ ఒక పూట, కంపైల్ ఒక రోజు పట్టాయి. డీబీ2లో బైండ్ (కొత్త ప్రోగ్రామ్‌ని డేటాబేస్‌తో జతచేయడం) మర్చిపోయినప్పుడల్లా పలకరించే మైనస్ 818 ఎర్రర్ పీడ వదిలిందని సంబరపడ్డాను కూడా. ప్యాక్డ్ డెసిమల్ ఫీల్డులను (ఒక్కో బైటులో రెండేసి అంకెలు ఇరికించి దాచిన సంఖ్యలను) మామూలు టెక్స్ట్‌లా ఆస్కీలోకి, అంటే యూనిక్స్ వాడే అక్షర సంకేతాల్లోకి, మారిస్తే అంకెలు నాశనమవుతాయని ముందే పసిగట్టి, వాటిని విడిగా విప్పించింది నేనే. ఆ గర్వం నాలుగు రోజులుంది.

యూజర్ల ముందు ఖాతాదారుల జాబితా తెరిచాం. రెండు పేజీలతో ఆగిపోయింది. "మిగతావాళ్ళు ఏరండీ?" అని అడిగారు ఒకావిడ. నేను తడుముకోకుండా "డేటా లోడ్‌లో పోయినట్టున్నారు" అనేశాను. డేటాబేస్ చూసుకునే డీబీఏ గారు అక్కడే ఉన్నారు. రెండువైపులా వరుసల లెక్క తీసి చూపించారు, ఒక్కటి కూడా తేడా లేదు. అయినా నేను వినలేదు. టికెట్ వేసి, ఆదివారం పూట ఆయన చేత మళ్ళీ లోడ్ చేయించాను. సోమవారం తెరిస్తే మళ్ళీ అవే రెండు పేజీలు.

అప్పుడు కూర్చుని ట్రేస్, అంటే ప్రోగ్రామ్ అడుగడుగునా ఏం చేసిందో చెప్పే చిట్టా, చూశాను. జాబితాలో వచ్చిన ఖాతాదారులందరి కోడ్లూ అంకెతోనే మొదలవుతున్నాయి, అక్షరంతో మొదలయ్యేవాళ్ళు ఒక్కరూ లేరు. డేటాబేస్‌ని అడిగే క్వెరీలో కోడ్‌కి పై హద్దు '9999'. యూజర్ హద్దు ఖాళీగా వదిలేస్తే అది పెట్టమని ఎనిమిదేళ్ళ కిందట మోడల్‌లో రాసిన మహానుభావుణ్ణి నేనే. మెయిన్‌ఫ్రేమ్ వాడే ఎబ్సిడిక్ అనే అక్షర సంకేతాల్లో అంకెలు అక్షరాల తర్వాత వస్తాయి. హెక్స్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో, 'ఏ' అంటే సీ1, '9' అంటే ఎఫ్9. కాబట్టి అక్కడ నాలుగు తొమ్మిదులను దాటే కోడ్ లేదు. ఆస్కీలో '9' అంటే 39, 'ఏ' అంటే 41. తొమ్మిదుల దగ్గర గీత గీస్తే అక్షరాలన్నీ గీతకి అవతలే. జనరేటర్ పాపం నేను రాసినదాన్ని రెండుచోట్లా పొల్లుపోకుండా దించింది.

మా జూనియర్ ఒకడు జనరేటర్ పుట్టించిన సీ ఫైల్లోనే ఆ తొమ్మిదులు మార్చేస్తానన్నాడు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. మళ్ళీ జనరేట్ చేసిన రోజున మీ మార్పు గల్లంతవుతుంది, ఎందుకు పోయిందో ఎవరికీ గుర్తుండదు. మోడల్ అంతా వెతికితే ఇంకో పదకొండు చోట్ల అవే తొమ్మిదులు దొరికాయి. హద్దు ఖాళీగా ఉంటే అసలు ఆ షరతే లేకుండా డేటా చదివే రీడ్ వాడేలా మార్చాను. ఖాళీ స్ట్రింగ్‌ని (ఏమీ రాయని టెక్స్ట్‌ని) ఒరాకిల్ నల్‌గా, అంటే అసలు విలువే లేనట్టుగా, తీసుకోవడంతో ఇంకో పూట పోయింది, అది చిన్న విషయం.

డీబీఏ గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, టికెట్ పేరు మార్చమని మాత్రం అడిగారు. 'డేటా లోడ్‌లో లోపం' అని నేను పెట్టిన పేరు అలాగే ఉంది. మూసేసిన టికెట్ పేరు మార్చనివ్వదట ఆ సిస్టం.