మూడు క్రెడిట్లు, ఒక వీసా

అమెరికా యూనివర్సిటీల్లో కమిటీలకు కొదవ లేదు. పార్కింగ్‌కొకటి, లైబ్రరీకొకటి, సెలవుల క్యాలెండర్‌కొకటి. మిడ్‌వెస్ట్‌లో నేను పాఠాలు చెప్పే స్టేట్ యూనివర్సిటీలో ఫ్యాకల్టీ సెనేట్ (అధ్యాపకుల ప్రతినిధుల సభ) కింద అంతర్జాతీయ విద్యా కమిటీ అని కూడా ఒకటుంది. ఇక్కడి పిల్లలు చదువు కోసం బయటి దేశాలకు వెళ్లడం, బయటి దేశాల పిల్లలు ఇక్కడికి రావడం, రెండూ దాని పరిధిలోవే. నన్నందులో ఎందుకు వేశారో నా పేరు చూస్తేనే తెలిసిపోతుంది.

కమిటీ చేతిలో ఉన్నవి కోర్సులు. ఏం చెప్పాలి, దానికెన్ని క్రెడిట్లు, ఏది డిగ్రీకి లెక్కలోకి వస్తుంది అన్నవి అధ్యాపకులే తేల్చాలి. ఇందుకు 1966లో అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ యూనివర్సిటీ ప్రొఫెసర్స్ మరో రెండు సంస్థలతో కలిసి చేసిన ప్రకటనను ఇప్పటికీ చూపిస్తుంటారు. డబ్బు, ఒప్పందాలు యాజమాన్యానివి. వీసాకు కావాల్సిన ఐ-20 పత్రాలు, విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్ సెవిస్‌లోని రికార్డులు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసువి, అక్కడ మేం వేలు పెట్టకూడదు. వినడానికి ఎంత శుభ్రంగా ఉందో! పనిలోకి దిగాక మాత్రం కోర్సు ఎక్కడ ఆగుతుందో, వీసా ఎక్కడ మొదలవుతుందో ఎవరూ చెప్పలేరు.

మీటింగుల్లో ఎక్కువ టైము తినేది వేసవి ప్రయాణాలే. ఫ్లోరెన్స్‌లో 4 వారాలు, 6 క్రెడిట్లు అంటూ ఆర్ట్ హిస్టరీ వాళ్లు ప్రతిపాదన తెస్తారు. ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారాల పాటు వారానికో గంట క్లాసు, దానికి రెండింతలు సొంత చదువు. ఆ లెక్కన 6 క్రెడిట్లకు క్లాసులే 90 గంటలు. మరి మ్యూజియంలో తిరిగిన గంట క్లాసు కిందికి వస్తుందా, షికారు కిందికి వస్తుందా? దీని మీద ఒక మధ్యాహ్నమంతా వాదించుకున్నారు.

తర్వాత భద్రత. అమెరికా విదేశాంగ శాఖ ప్రతి దేశానికీ 1 నుంచి 4 దాకా ఒక హెచ్చరిక స్థాయి ఇస్తుంది. ఒకసారి ఆర్కిటెక్చర్ వాళ్లు హైదరాబాద్, వరంగల్, పాలంపేట రామప్ప గుడి కలిపి ఒక కోర్సు తెచ్చారు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని ఫొటోలతో సహా చూపించారు. అప్పటికి ఇండియాది రెండో స్థాయి. రిస్క్ మేనేజ్‌మెంట్ ఆవిడ ఆ హెచ్చరిక చదువుతూ 'ఉత్తర తెలంగాణ' అన్న చోట ఆగి నావైపు చూసింది. నక్సలైట్ల కారణంగా తూర్పు మహారాష్ట్ర, ఉత్తర తెలంగాణ మొదలుకొని పశ్చిమ బెంగాల్ దాకా ఆ పట్టీలోకి వెళ్లాలంటే అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు ముందుగా అనుమతి తీసుకోవాలని అందులో రాసుంది. మా అమ్మ ఉండేది మంచిర్యాలలో. అమెరికాలో ఏ మూల కాల్పులు జరిగినా "బయటికి పోకు బిడ్డా" అని నాకు ఫోన్ చేసేది ఆమె. ఆ మాట చెప్తే అందరూ నవ్వారు గానీ, ఆవిడ దగ్గరున్న ఫారంలో నవ్వు రాసుకునే గడి లేదు. చివరికి పాలంపేటకు పగలు వెళ్లి రావాలి, రాత్రి బస హనుమకొండలో అనే షరతు మీద ఒప్పుకున్నారు.

ఈ శ్రద్ధంతా వెళ్లేవాళ్ల మీద. వచ్చేవాళ్లో? 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు, ఆ ఏడాది చైనాను దాటి మనవాళ్లే మొదటి స్థానంలో నిలిచారు. మా ఇంజినీరింగ్ బిల్డింగ్ మెట్ల మీద ఇంగ్లీషు కన్నా తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. ఎజెండాలో మాత్రం వాళ్ల సంగతి చివరి అంశం, అదీ టైముంటే.

నిజానికి వాళ్ల తలరాత మారేది ఎవరూ పట్టించుకోని చిన్న నిర్ణయాల దగ్గర. మా దగ్గర మాస్టర్స్‌కి సెమిస్టర్‌కు కనీసం 9 క్రెడిట్లు ఉండాలి. "కష్టంగా ఉంటే ఈ కోర్సు డ్రాప్ చేసెయ్, స్ప్రింగ్‌లో తీసుకుందువు గానీ" అని ఒక ప్రొఫెసర్ మంచి మనసుతోనే చెప్తాడు. ఇక్కడి పిల్లాడికి అది మంచి సలహా. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు ముందుగా అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు అనుమతి తీసుకోకుండా 9ని 6 చేసుకుంటే స్టేటస్, అంటే ఇక్కడ చట్టబద్ధంగా ఉండే అర్హత, పోతుంది. ఆ ప్రొఫెసర్‌కి ఈ సంగతే తెలియదు, తెలుసుకోవాలని ఎవరూ చెప్పలేదు కూడా.

ఆన్‌లైన్ గొడవ ఇంకొకటి. ఎఫ్-1 విద్యార్థికి ఆ కనీస క్రెడిట్లలో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, అదీ 3 క్రెడిట్ల దాకానే లెక్కలోకి వస్తుంది. 2020 జూలై 6న, పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివేవాళ్లు దేశం వదిలి వెళ్లాలని ప్రభుత్వం ప్రకటించింది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కితే 14న వెనక్కి తీసుకుంది. ఆ వారం మా ప్రొఫెసర్లందరికీ ఈ నిబంధన కంఠతా వచ్చేసింది. తర్వాత హాయిగా మర్చిపోయారు. కరోనా పోయాక ఒక డిపార్ట్‌మెంట్ తప్పనిసరి కోర్సులు రెండింటిని ఒకే సెమిస్టర్‌లో ఆన్‌లైన్‌కు మార్చింది. మా పిల్లలు అవసరం లేని ఇంకో కోర్సుకు ఫీజు కట్టి క్లాసులో కూర్చోవాల్సి వచ్చింది. ఆ ఫీజు రూపాయల్లోకి మార్చి చూసుకుంటే గుండె ఝల్లుమంటుంది.

ఇక సీపీటీ. చదువుతుండగానే కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేయడానికి ఇచ్చే అనుమతి. ఆ పని పాఠ్యప్రణాళికలో విడదీయరాని భాగమై ఉండాలి. భాగమో కాదో చెప్పాల్సింది అధ్యాపకులే. మొదటి సెమిస్టర్ నుంచే ఒక క్రెడిట్ ఇంటర్న్‌షిప్ కోర్సు పెడతామని ఒక డిపార్ట్‌మెంట్ వచ్చింది. సిలబస్ ఒకే పేజీ. అడ్మిషన్లు పెరుగుతాయని వాళ్లు దాచుకోకుండానే చెప్పారు.

ఆ ప్రతిపాదన కమిటీకి వచ్చిన సంగతి కోదాడ దాకా ఎలా పాకిందో గానీ, ఒక విద్యార్థి నాన్నగారు వాట్సాప్‌లో ఫోన్ చేశారు. "అమ్మా, మీరు ఒక్క మాట చెప్తే అయిపోతదంట గదా. లోను వడ్డీ నెలనెలా మీద పడుతుంది." నా ఒక్కదాని మాటతో అయ్యేది కాదండీ, ఓటు వేస్తారు అన్నాను. ఆయన నమ్మలేదు. మన ఊళ్లో పెద్దమనిషి మాటకు ఉండే విలువ ఆయనకు తెలుసు మరి.

నేను వ్యతిరేకించాను. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద వీసా మోసాల కేసులో అధికారులు దాడి చేసినప్పుడు అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు, ఎక్కడున్నారో కనిపెట్టే రేడియో పట్టీలు కట్టారు. దాన్ని పెట్టినావిడకు తర్వాత 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది, నిజమే, కానీ చదువు, డబ్బు పోగొట్టుకున్నది పిల్లలు. మాది అలాంటి యూనివర్సిటీ కాదు. అయినా చదువు లేని కోర్సుకు క్రెడిట్ ఇవ్వడం మొదలుపెడితే, రేపు వీసా ఆఫీసర్ అడిగే ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సింది ఆ పిల్లాడే, డిపార్ట్‌మెంట్ కాదు. పైగా ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడితే డిగ్రీ తర్వాత ఉద్యోగం చేసుకోవడానికి వచ్చే అనుమతి, ఓపీటీ, పోతుంది. ఈ మాట చెప్పని సీనియర్లు చాలామంది ఉన్నారు.

కోర్సును మార్చి ఒప్పుకున్నారు. రెండు సెమిస్టర్లు పూర్తయ్యాకే తీసుకోవాలి, ఒక ప్రొఫెసర్ పర్యవేక్షించాలి, చివర్లో రిపోర్ట్ రాయాలి, ఆ క్రెడిట్ డిగ్రీలో కలవాలి. కోదాడ ఆయనకు ఫోన్ చేసి చెప్తే, "అంటే మే దాకా ఆగాలన్నమాట" అని పెట్టేశారు. కోపం వచ్చిందేమో.

ఆ మీటింగ్‌లోనే ఇంకో చిన్న తీర్మానం చేయించగలిగాం. ఏ కోర్సునైనా ఆన్‌లైన్‌కు మార్చే ఫారంలో, ఎఫ్-1 విద్యార్థులకు అది తప్పనిసరి కోర్సా, అదే సెమిస్టర్‌లో ఆన్‌లైన్‌కు పోయినవి ఇంకేమైనా ఉన్నాయా అని ఒక గడి చేర్చాం. అది ఖాళీగా వదిలేసిన ఫారాలను రిజిస్ట్రార్ ఆఫీసు ఇప్పుడు వెనక్కి పంపుతోంది. ఎక్కువగా వెనక్కి పోతున్నవి బిజినెస్ స్కూల్ వాళ్లవి.