పన్నెండు ట్యాగులు, ఒక పడవ

నా మొదటి ట్యాగ్, అంటే పార్శిల్‌కు కట్టే చీటీలాంటి కాగితం ముక్క, ఆరేసరికి పడవలా లేచింది. అంచులు పైకి, నడుము కిందికి. మా అక్క అటుగా వెళ్తూ ఒక చూపు చూసి, "ఏంటే ఇది, నీళ్ళలో వదులుదామనా?" అంది. కాగితం మీద రంగులు, జిగురు, ముద్రలు, చింపిన పేజీలు పొర మీద పొరగా పేర్చే ఈ పనిని మిక్స్‌డ్ మీడియా అంటారు. అందులో దిగిన మొదటి రోజు నేను సాధించింది ఆ పడవే.

ట్యాగే ఎందుకంటే, పెద్ద తెల్ల కాగితం ముందు కూర్చుంటే నాకు చెయ్యి కదలదు. ట్యాగ్ అయితే అరచేతిలో ఇముడుతుంది. చెడితే చిన్నదే కదా చెడింది అనుకోవచ్చు. పైన రెండు మూలలూ ఏటవాలుగా కోసి, మధ్యలో ఒక చిల్లు, చిల్లు చుట్టూ చిన్న కాగితపు ఉంగరం. ఆ ఉంగరం సోకు కోసం పెట్టిందని చాలా రోజులు అనుకున్నాను. కాదు. పార్శిళ్ళకు కట్టే చీటీ దారం దగ్గరే చిరిగిపోతుంది కదా, అమెరికాలో డెనిసన్ అనే ఆయన చిల్లుకు ఇలా కాగితపు వాషర్ అతికించి 1863లో పేటెంట్ తీసుకున్నాడు. ట్యాగులకు నంబర్లుంటాయి. 8వ నంబరు అంటే సుమారు 16 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు. అవే పన్నెండు తీసుకుని కూర్చున్నాను.

పడవ సంగతి ముందు తేల్చాలి. కాగితమంటే పీచు. తడి తగిలితే పీచు పొడవులో పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. నేను ఒక్క వైపే పూశాను కాబట్టి ఆ వైపు ఉబ్బింది, వెనక వైపు ఉలకలేదు. ఆ తర్వాత యాక్రిలిక్ రంగు ఆరుతూ తాను కుంచించుకుపోయి, కాగితాన్ని కూడా తనవైపు లాక్కుంది. అందుకని రెండో ట్యాగ్ నుంచి వెనక వైపు కూడా పల్చగా ఒక పూత వేశాను. రెండు వైపులా లాగుడు సమానమైతే ఎటూ వంగదు. చేతికి అంటుకోనంత ఆరాక బటర్ పేపర్ మధ్య పెట్టి, పైన లావు పుస్తకాలు పెట్టేదాన్ని. బటర్ పేపర్ లేకుండా ఒకసారి పెట్టాను. ఆ పుస్తకం అట్ట మీద ట్యాగ్ ఆకారం ఇప్పటికీ ఉంది. కొంతమంది అసలు ట్యాగులు కొనరు, 300 జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే, వాటర్‌కలర్ కాగితం నుంచి కోసుకుంటారు. ఆ మందం తడిని బాగా తట్టుకుంటుంది. మళ్ళీ చేస్తే నేనూ అదే చేస్తాను.

మొదటి పొర జెస్సో. సుద్దలాంటి పొడి, తెల్ల రంగు, వాటిని పట్టి ఉంచే యాక్రిలిక్ బైండరు కలిసిన చిక్కటి పూత అది. ఆరాక వేలితో తడిమితే సన్నటి గరుకు తగులుతుంది. పై పొరలు పట్టుకునేది ఆ గరుకునే. మొదట్లో గోడకు సున్నం వేసినట్టు మొత్తం పూసేశాను. అలా చేస్తే కింద అతికించినవన్నీ మాయమవుతాయి. తర్వాత కుంచె పక్కన పెట్టి, వాడకం అయిపోయిన ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకుతూ పూశాను. ఒకచోట మందంగా పడుతుంది, ఒకచోట కింది అక్షరాలు మసకగా కనిపిస్తాయి. ఆ మసకే బాగుంటుంది.

కింద అతికించేవి ఏవైనా కావచ్చు. పాత పుస్తకం పేజీలు, సంగీతం రాసిన కాగితాలు, కుట్టుపని నమూనాల పల్చటి కాగితం, టిష్యూ. టిష్యూ పేపర్ జిగురు తాగగానే పారదర్శకం అవుతుంది. దాని మీద ముద్ర కొట్టి అతికిస్తే కాగితం కనిపించదు, ముద్ర ఒక్కటే తేలుతుంది. నాకు ఇప్పటికీ విసుగు పుట్టని చిట్కా అది. కత్తెర వాడటం మాత్రం తగ్గించాను. కోసిన అంచు కొట్టొచ్చినట్టు కనబడుతుంది, చింపిన అంచు కలిసిపోతుంది. చింపడంలోనూ తేడా ఉంది. బొమ్మ పైకి పెట్టి మనవైపు లాగుతూ చింపితే చేతిలోని ముక్కకు తెల్లటి అంచు వస్తుంది, అవతలివైపు తోస్తూ చింపితే ఆ తెలుపు రాదు. జిగురు కింద ఒక పూత, పైన ఒక పూత వేసి, మధ్య నుంచి అంచులకు వేలితో నొక్కుకుంటూ రావాలి. లేకపోతే గాలి బుడగలు నిలిచిపోతాయి.

నాలుగో ట్యాగ్ దగ్గర ఏడుపొచ్చినంత పనైంది. ఇంట్లో ప్రింటర్ మీద ఒక పక్షి బొమ్మ తీసి, అతికించి, పైన మ్యాట్ మీడియం, అంటే మెరుపులేని యాక్రిలిక్ జిగురు, పూశాను. కుంచె ఒక్కసారి అలా తిరిగిందో లేదో పక్షి రెక్కలు నీలంగా ట్యాగ్ అంతా పాకాయి. ఆ నీలాన్ని తడి గుడ్డతో తుడవబోతే కాగితమే పొరలుగా లేచొచ్చింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అచ్చం అంతే. మాది ఇంక్‌జెట్ ప్రింటర్. దానిలో వాడేది నీళ్ళకు కరిగే సిరా. లేజర్ ప్రింటులో, జిరాక్స్‌లో ఉండేది సిరా కాదు, టోనర్ అనే ప్లాస్టిక్ పొడి, వేడికి కాగితానికి అతుక్కుంటుంది. నీళ్ళు దాన్నేమీ చేయలేవు. అదే పక్షిని జిరాక్స్ తీయించి ఐదో ట్యాగ్ మీద పెడితే ఎంత పూసినా చెక్కుచెదరలేదు.

ఆ పక్షి చచ్చి నాకో సంగతి నేర్పింది. అప్పటిదాకా నేను సామాన్లను రంగు, ముద్ద, జిగురు, సిరా అని విడదీసి చూసేదాన్ని. అసలు విడదీయాల్సింది అలా కాదు. నీళ్ళు తగిలితే మళ్ళీ లేచేవి ఒక జట్టు, లేవనివి ఒక జట్టు. వాటర్‌కలర్, నీటికి కరిగే స్టాంప్ సిరాలు, ఇంక్‌జెట్ ప్రింటు, నీటి రంగు పెన్సిళ్ళు లేచే జట్టు. ఎన్నాళ్ళు ఆరినా తడి తగిలితే కదులుతాయి. యాక్రిలిక్ రంగు, జెస్సో, జెల్ మీడియం అనే చిక్కటి యాక్రిలిక్ జిగురు, టోనర్ లేవని జట్టు. యాక్రిలిక్‌లో నీరు ఆవిరయ్యాక మిగిలేది ప్లాస్టిక్ పొర, అది మళ్ళీ నీళ్ళలో కరగదు. ఈ రెండు జట్లను ఒక చీటీ మీద రాసుకుని బల్ల ముందు గోడకు అంటించాను. అక్క చదివి, "నువ్వు ఏ జట్టే?" అంది. పొద్దున్నే నన్ను లేపడానికి ఆమె నీళ్ళు చల్లిన రోజులున్నాయి, అందుకని జవాబు చెప్పలేదు.

చీటీ అంటించాక వరస దానంతట అదే కుదిరింది. లేవని జట్టు కింద, లేచే జట్టు పైన. లేచేది కింద వేయక తప్పకపోతే, దాని మీద ఏ పూతనైనా కుంచెతో రుద్దకుండా స్పాంజితో అద్దాలి, లేదా అది కరుగుతుందని తెలిసే, కరగడమే కావాలని వేయాలి. ఆరో ట్యాగ్ మీద అలాగే చేశాను. నీటి సిరా పూసి, పైన నీటి చుక్కలు చల్లి, అర నిమిషం ఆగి పొడి కాగితంతో అద్దాను. చుక్క పడ్డ ప్రతిచోటా రంగు లేచిపోయి లేత మచ్చలు మిగిలాయి. పక్షిని చంపిన గుణమే ఇక్కడ వాన చినుకులు గీసిపెట్టింది.

రంగుల బురద గురించి రెండు మాటలు. ఆకుపచ్చ తడిగా ఉండగానే ఎరుపు పెడితే వచ్చేది ఎరుపూ కాదు ఆకుపచ్చా కాదు, బురద. ఆకుపచ్చ ఆరాక పెడితే రెండు రంగులూ దక్కుతాయి. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. అయినా మూడు ట్యాగులు బురదయ్యాయి, ఎందుకంటే ఆరేదాకా ఆగలేను.

ఆగలేకే వేడి గాలి ఊదే హీట్ గన్ కొన్నాను. దానితో ఇంకో పాఠం. స్టెన్సిల్, అంటే నమూనా కోసిన రేకు, పెట్టి మోడలింగ్ పేస్ట్ అనే ముద్ద పూస్తే ఎత్తుగా నిలిచే నమూనా వస్తుంది కదా. పేస్ట్ చిక్కగా ఉండాలి, పల్చనైతే స్టెన్సిల్ కిందికి పాకుతుంది. మొద్దు ప్యాలెట్ కత్తితో పూసేటప్పుడు కోణం తక్కువగా పెట్టి ఒకే దిశలో లాగాలి, స్టెన్సిల్‌ను పక్కకు జరపకుండా నిట్టనిలువుగా పైకెత్తాలి, వెంటనే కడగాలి. ఇవన్నీ బుద్ధిగా చేసి, ఆఖరున హీట్ గన్ పెట్టాను. పైన తోలు కట్టి, లోపల తడి ఉడికి, నున్నగా ఉండాల్సిన స్టెన్సిల్ ఆకులు బుడగలు బుడగలుగా పొంగాయి. తుప్పు పట్టిన ఇనుములా కనిపించేసరికి గోధుమ రంగు, నారింజ రంగు అద్ది దాన్ని కావాలనే తుప్పుగా మార్చాను. అడిగినవాళ్ళకు ముందునుంచీ అదే అనుకున్నానని చెప్పాను. మామూలుగానైతే పేస్ట్‌ను రాత్రంతా వదిలేయాలి.

వేడికి కరిగి ముద్రను ఉబ్బెత్తుగా చేసే ఎంబాసింగ్ పౌడర్‌కు మాత్రం హీట్ గన్ కావాల్సిందే. హెయిర్ డ్రయ్యర్‌తో ప్రయత్నించాను. పౌడర్ కరగలేదు, ఎగిరిపోయింది. దానికి అంత వేడి ఉండదు, గాలి ఎక్కువ. పద్ధతి సులువే. నిదానంగా ఆరే పిగ్మెంట్ సిరాతో ముద్ర కొట్టి, తడిగా ఉండగానే పౌడర్ చల్లి, ఎక్కువైంది వేరే కాగితం మీదికి దులిపి, వేడి పెట్టాలి. పొడి పొడిగా ఉన్నది ఒక్కసారిగా నిగనిగలాడుతూ కలిసిపోతుంది. ఆ క్షణం కోసం ఎన్ని ముద్రలైనా కొట్టొచ్చు. కానీ ట్యాగ్ మీద ఎక్కడ చెమ్మ ఉన్నా, వేలి జిడ్డు ఉన్నా, పౌడర్ అక్కడా అంటుకుంటుంది. ముందుగా కొంచెం టాల్కమ్ పౌడర్ అద్ది తుడిచేస్తే ఆ బెడద తప్పుతుంది. రంగులేని పౌడర్‌తో తెల్ల కాగితం మీద ముద్ర కరిగించి, పైన నీటి సిరా పూసి తుడిస్తే ముద్ర ఉన్నచోట సిరా నిలవదు, తెల్లగా బయటపడుతుంది. ఎనిమిదో ట్యాగ్ అదే. పన్నెండింటిలో నాకు ఇష్టమైనది.

యాక్రిలిక్ పూత మీద మామూలు స్టాంప్ సిరా కొట్టకండి. పీల్చుకోవడానికి అక్కడ కాగితం లేదు, కాబట్టి సిరా పైనే తడిగా కూర్చుని ముట్టుకోగానే చెదురుతుంది. ప్లాస్టిక్, గాజు మీద కూడా ఆరే సాల్వెంట్ సిరా ఉంటుంది, అదైతే నిలుస్తుంది. కిటికీ తెరిచి కొట్టండి, వాసన ఘాటు.

తొమ్మిదో ట్యాగ్ వరకు నాకు ఇంకో జబ్బు ఉండేది. ఉన్నవన్నీ ఒకే ట్యాగ్ మీద పెట్టేయాలనిపించేది. బొత్తాం, లేసు, గేరు చక్రం, సీతాకోకచిలుక, ఒక మాట. కన్ను ఎక్కడ ఆగాలో తెలియక జారిపోయేది. ఇప్పుడు ఒక్కటే ముఖ్యమైనది పెట్టి, దాన్ని నడిమధ్య కాకుండా కొంచెం పక్కకు జరిపి, చుట్టూ ఖాళీ వదులుతున్నాను. ఎత్తు కోసం దాని కింద ఫోమ్ టేప్ ముక్క. అంచులకు స్పాంజితో ముదురు సిరా అద్దితే పొరకు పొరకు మధ్య నీడలా పడుతుంది. బొత్తాలు బాగుంటాయి కానీ కవరులో పెట్టి పంపాలనుకుంటే కవరు చిరుగుతుంది, పుస్తకంలో పెడితే పేజీ మీద గుండ్రటి గుంట పడుతుంది.

జనపనార తాడు ఒకదాని అంచు చుట్టూ అంటిస్తుంటే, తాడు వేలాడదీయడానికి కదా, బొమ్మ మీద అతికించడమేంటి అని అక్క అడిగింది. పికాసో 1912లో కుర్చీ అల్లిక ముద్రించిన ఆయిల్‌క్లాత్ ముక్కను బొమ్మ మీద అతికించి, చుట్టూ తాడునే చట్రంగా పెట్టాడని చెప్పాను. "ఆయన పెట్టాడు, నువ్వూ పెట్టు," అంది. ఈ వయసులో ఈ పనేంటని కూడా అడుగుతుందేమోనని మేరీ డెలానీ పేరు కూడా సిద్ధంగా ఉంచుకున్నాను. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో, దాదాపు 72 ఏళ్ళప్పుడు మొదలుపెట్టి, రంగు కాగితాలు సన్నగా కత్తిరించి నల్లటి కాగితం మీద పొరలుగా అతికిస్తూ పువ్వులు చేసింది. 985 చేసింది. అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అక్క అడగలేదు. నేనే చెప్పేశాను.

పన్నెండోది మొదలుపెట్టేటప్పుడు అతికించడానికి ముక్కలు అయిపోయాయి. పడవ కనిపించింది. చేతిలోకి తీసుకుని చూస్తే రంగులు బాగానే ఉన్నాయి, వంగడం ఒక్కటే దాని తప్పు. నాలుగు పట్టీలుగా చింపాను. చిన్న పట్టీలైతే వంపు జిగురుకు లొంగుతుంది. పన్నెండో ట్యాగ్ మీద అవే కొండల వరసగా పడ్డాయి, చింపిన తెల్ల అంచులు మంచులాగా.

అక్క లెక్కపెట్టి, "పదకొండే ఉన్నాయేంటే?" అంది. కొండలు చూపించాను. అప్పుడు ట్యాగ్ తిప్పి చూసి, "పేరు ఎక్కడ రాస్తావు మరి?" అంది. వెనక వైపు జెస్సో గరుకు. పెన్ను పెడితే ముల్లు గీకుతోంది, సిరా పాకుతోంది. ఇన్ని రోజులూ ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు. పదకొండింటికీ మామూలు తెల్ల కాగితం ఒకటి వెనక అతికించక తప్పలేదు. అంటే మళ్ళీ జిగురు, మళ్ళీ తడి, మళ్ళీ పడవ భయం. పల్చగా పూసి, బటర్ పేపర్ల మధ్య పేర్చి, ఇంట్లో ఉన్న లావు పుస్తకాలన్నీ పైన పెట్టాను. ఉదయం దాకా ముట్టుకోకూడదు.

రాత్రి రెండుసార్లు ఎత్తి చూశాను.